పానకాలస్వామి లెక్క

తెలుగువాళ్లం గుండెచేత చేయించని పని లేదు. భయం వేస్తే అది జారుతుంది. దుఃఖం కలిగితే చెరువవుతుంది. ఆపద వస్తే దాన్ని రాయి చేసుకొంటాం. ఆపద గడిస్తే దానిమీద చెయ్యి వేసుకొని నిద్రపోతాం. మనిషి ఘటికుడైతే గుండెలు తీసిన బంటు అంటాం. ఇరవై ఏళ్లుగా కాలేజీలో ఈ పలుకుబళ్లన్నీ పిల్లలకు చెబుతున్నవాణ్ణే. కాని గుండె నిజంగా చేసే పని ఒకటుంది. రాత్రింబవళ్లు నెత్తురు తోడిపోయడం. ఆ పనిని గురించి మాత్రం నా దగ్గర ఒక్క మాటా లేదు. ఆ లోటు ఎంత పెద్దదో నిరుడు కార్తికమాసంలో తెలిసివచ్చింది.

మా బావగారిది మంగళగిరి. చేనేత సహకార సంఘంలో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు రాసి రిటైరయినారు. అరవై ఆరేళ్ల మనిషి. ఏటా కార్తికంలో మెట్లెక్కి వెళ్లి పానకాలస్వామికి పానకం పోయించి రావడం ఆయన వ్రతం. కొండమీదికి కారు దారి వున్నది గదా అంటే, "కారులో వెళ్లడానికి స్వామి ఏమైనా కలెక్టరా?" అనేవారు. నిరుడు ఆ మెట్లమీదనే రెండుచోట్ల కూలబడ్డారు. నొప్పి లేదు, చెమట లేదు, ఊరికే ఆయాసం.

గుంటూరు తీసుకువెళ్లి ఇ.సి.జి. తీయిస్తే అంతా సవ్యంగా వున్నదన్నారు. నేనప్పుడు పెద్ద పండితుడిలాగా, "గుండె కాదు బావగారూ, వయసు. అక్కయ్య పెట్టే అరిసెలు తగ్గించండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆ మాట నోరు జారినందుకు తరువాత చాలా రోజులు సిగ్గుపడ్డాను.

డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. "ఇది మంచంమీద పడుకొన్న గుండె ఇచ్చిన సాక్ష్యం. ఆయాసం వచ్చింది మెట్లెక్కిన గుండెకు. దాన్ని వేరే పిలిచి అడగాలి" అని ఒక పరీక్ష రాసి ఇచ్చారు. దానిపేరులో న్యూక్లియర్ అనే మాట చూసేసరికి మా అక్కయ్యకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "ఒరే తమ్ముడూ, మీ బావగారి ఒంట్లో అణుబాంబు మందు ఎక్కిస్తారట్రా!" అన్నది.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. ఎక్కించేది టెక్నీషియం అనే మూలకం కలిసిన మందు. భూమిలో దాదాపు దొరకని ఈ మూలకాన్ని 1937లో ఇటలీలోని పాలెర్మోలో సెగ్రే, పెర్రియే అనే ఇద్దరు కనిపెట్టారు. మనిషి కృత్రిమంగా చేసిన మొదటి మూలకం గనుక, గ్రీకు భాషలో ఆ అర్థం వచ్చేట్టే పేరు పెట్టారు. ఆసుపత్రికి మాలిబ్డినం నింపిన సీసపు పెట్టె ఒకటి వస్తుంది. దానిలో టెక్నీషియం ఊరుతూ వుంటుంది. పొద్దున్నే ఉప్పునీటితో దాన్ని దింపుకొంటారు. ఆ పెట్టెను వాళ్లు ఆవు అంటారట. దింపుకోవడాన్ని పాలు పితకడం అంటారట. పరమాణుశాస్త్రంవారికీ మన పెరటి మాటే దొరికింది.

ఈ టెక్నీషియం ఆరు గంటలకు సగమవుతుంది. పన్నెండు గంటలకు పావు. మర్నాడు అదే వేళకు పదహారో వంతు. రెండు ఇంజెక్షన్లకూ కలిపి ఒంటికి తగిలే రేడియేషను సుమారు 10 మిల్లీసీవర్టులు. నేలనుంచీ ఆకాశంనుంచీ ఎటూ తగులుతూవుండేది మూడు నాలుగేళ్లలో చేరితే దాదాపు అంతవుతుంది. ఊరికే సరదాకు చేయించుకోవలసిన పరీక్ష కాదు. అవసరమై రాసినప్పుడు హడలిపోవలసినదీ కాదు. ఆ రోజంతా మనమణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దన్నారు. అంతే.

పరీక్షనాడు పొద్దున ఒక ఇంజెక్షను ఇచ్చి, కాసేపాగి, విశ్రాంతిగా వున్న గుండెకు బొమ్మ తీశారు. తరువాత ఆయన్ను ట్రెడ్‌మిల్లు మీద నడిపించారు. వేగం పెంచారు, వాలు పెంచారు. గుండె వేగం కావలసినంత పెరిగి, ఆయనకు ఆ పాత ఆయాసం వచ్చే సమయానికి రెండో ఇంజెక్షను ఇచ్చి, మరో నిమిషం నడిపించి దింపారు. వెంటనే బొమ్మ తీయలేదు. ముప్పావుగంట కూర్చోబెట్టారు. అప్పుడు కెమేరా కింద పడుకోబెట్టారు.

"పరుగెత్తినప్పటి బొమ్మ కావాలంటే పరుగెత్తుతుండగానే తీయాలి గదా? సేదతీరాక తీస్తే ఏమి తెలుస్తుంది?" అని నాకు సందేహం. డాక్టరుగారిని అడిగితే, ఈ పరీక్షలోని కీలకం అదేనన్నారు.

ఆ మందు నెత్తురుతోబాటు గుండె కండరంలోకి పోయి, అక్కడి కణాలలో మైటోకాండ్రియా అనే కొలుముల దగ్గర అంటుకుపోతుంది. నెత్తురు బాగా పారినచోట ఎక్కువ, పారనిచోట తక్కువ. ఒకసారి అంటుకొన్నాక తొందరగా కదలదు. అంచేత ముప్పావుగంట తరువాత తీసినా, కండరంలో కనిపించే వెలుగునీడలు ఇంజెక్షను ఇచ్చిన నిమిషానివే. గోడకు వేసిన సున్నం ఏనాటిదైనా ఈనాడు కనిపించినట్లు.

కాని అదే బొమ్మలో గుండె కదలిక కూడా పడుతుంది. అది మాత్రం పాతది కాదు. కెమేరా కింద పడుకొన్నప్పటిది. ఒంటికి ఇ.సి.జి. తీగలు తగిలించి, ప్రతి కొట్టుకోడాన్నీ ఎనిమిది భాగాలు చేస్తారు. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలున్నట్లు. కొన్నిచోట్ల పదహారు చేస్తారు. కొన్ని వందల కొట్టుకోళ్లలోని మొదటి అక్షరాలన్నీ ఒకచోట, రెండోవన్నీ ఒకచోట పోగుచేస్తే ఎనిమిది బొమ్మలవుతాయి. వాటిని వరుసగా తిప్పితే గుండె ముడుచుకొని విచ్చుకొంటూ కనిపిస్తుంది. ఈ బొమ్మలనుంచి గుండె ఎంత నెత్తురు తోడుతున్నదో కంప్యూటరే లెక్కకట్టే పద్ధతిని 1995లో లాస్ ఏంజిలిస్‌లోని సీడార్స్ సైనాయ్ వైద్యశాలలో గీడో జెర్మానో, ఆయన సహచరులు ప్రకటించారు.

అంటే ఒకే బొమ్మలో రెండు కాలాలున్నాయన్నమాట. నెత్తురు పారకం శ్రమపడిన నిమిషానిది. తోడడం శ్రమ ముగిసి సేదతీరిన వేళది. మా వ్యాకరణంలో ఒక వాక్యానికి ఒకే కాలం వుండాలని పిల్లలకు చెబుతాం. గుండె ఆ నియమం పాటించలేదు.

మూడోనాడు రిపోర్టు వచ్చింది. నెత్తురు పారకంలో ఒక్కచోట కొద్దిపాటి కొరత అని రాసివుంది. నేనక్కడితో ఆగి, ఫరవాలేదు గదా అనుకొన్నాను. మా బావగారు కళ్లజోడు సవరించుకొని అంకెల దగ్గరికి పోయారు. ముప్ఫై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఏమయ్యా మేష్టరూ, ఇక్కడ ఎజెక్షన్ ఫ్రాక్షను అని రెండుచోట్ల వుంది. విశ్రాంతిలో 57. శ్రమ తరువాత 46. మిగతా పదకొండూ ఎక్కడికి పోయాయి?"

డాక్టరుగారి ముఖంలో అప్పుడు చూశాను, ఈయన అడగవలసిన ప్రశ్నే అడిగాడన్న మెప్పు. "మీది మంగళగిరి గదా, మీకు చెప్పడం సులువు" అంటూ మొదలుపెట్టారు.

పానకాలస్వామి సంగతి తెలియనివారికోసం ఒక మాట. కొండమీది గుహలో స్వామి తెరిచిన నోరే భక్తులకు దర్శనం. అందులో శంఖంతో పానకం పోస్తారు. గుటకల చప్పుడు వినిపిస్తుందంటారు. బిందె తెచ్చినా చెంబు తెచ్చినా స్వామి సగమే పుచ్చుకొని, తక్కిన సగం ప్రసాదంగా ఇచ్చేస్తాడని మనవారి నమ్మకం.

గుండె ఎడమ గది కూడా తనలో నిండిన నెత్తురంతా ఒక్కసారి వెళ్లగొట్టదు. కొంత పంపి కొంత మిగుల్చుకొంటుంది. నూటికి 55 నుంచి 70 దాకా పంపితే మామూలు గుండె. మా బావగారి గుండెలో విశ్రాంతి వేళ 98 మిల్లీలీటర్లు నిండితే 42 మిగిలింది. అంటే 56 బయటికి పోయింది, నూటికి 57. శ్రమపడి ముప్పావుగంట అయ్యాక చూస్తే గది ఉబ్బి 112 పట్టింది, కాని ముడుచుకొన్నాక ఇంకా 60 మిగిలేవుంది. పోయింది 52, నూటికి 46.

"రెండు మూడు అంకెల తేడా అయితే యంత్రం తప్పు అనుకొందును. పదకొండు తగ్గడం అలా కొట్టివేయదగ్గది కాదు. పరుగు ఆపి ముప్పావుగంటయింది. నాడి మామూలుకు వచ్చింది, ఆయాసం పోయింది, మీరు నాతో కబుర్లు చెబుతున్నారు. మీరు మరిచిపోయారు గాని, మీ గుండె ఇంకా మరిచిపోలేదు" అన్నారు డాక్టరుగారు.

ఈ స్థితికి ఒక పేరున్నది. కాసేపు నెత్తురు అందక అలమటించిన కండరం, నెత్తురు తిరిగివచ్చాక కూడా వెంటనే పనిలోకి దిగదు. చావలేదు, అలాగని పనీ చేయదు. 1975లో కుక్కల గుండెలపై చేసిన ప్రయోగాలలో, పావుగంటసేపు నెత్తురు ఆపి వదిలితే, ఆ భాగం ఆరుగంటలకు పైగా మందకొడిగానే వుండిపోయింది. 1982లో బ్రౌన్‌వాల్డ్, క్లోనర్ అనే వైద్యులు దీనికి నామకరణం చేశారు. వారి మాటకు మన భాషలో వెతుక్కోనక్కరలేదు. దిమ్మెరపోవడం అనే మాట సిద్ధంగా వుంది. దెబ్బ తగిలినవాడు పడిపోడు, ఏడవడు, అలా చూస్తూ నిలబడిపోతాడే, అదే ఇది.

ఎందుకు దిమ్మెరపోతుంది? ఇక్కడ మన భీమవరం మనిషిని తలుచుకోవాలి. కండరం ముడుచుకోవాలంటే ఏ.టి.పి. అనే ఇంధనం కావాలి. దాన్ని 1929లో బోస్టనులోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కేతో కలిసి వెలికితీసినవారిలో ఒకరు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు కనుగొన్నాడు. సుబ్బారావుగారు అక్కడ పనిచేస్తున్న ఆ ఏళ్లలోనే, అదే నగరంలో, హెర్మన్ బ్లూమ్‌గార్ట్ అనే వైద్యుడు రేడియంనుంచి పుట్టిన పదార్థాన్ని ఒక చేతి నరంలోకి ఎక్కించి, అది గుండె మీదుగా రెండో చేతికి చేరడానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తున్నాడు. ఒకరు గుండె తినే తిండి కనిపెట్టారు. ఒకరు దాని పనిని బయటినుంచి చూసే దారి కనిపెట్టారు. వందేళ్లకు ఆ రెండూ మంగళగిరి లెక్కల గుమాస్తా ఛాతీలో కలుసుకొన్నాయి.

నెత్తురు కొరతపడినప్పుడు ఏ.టి.పి. తరిగిపోతుంది. మళ్లీ పూర్తిగా సమకూరడానికి చాలాసేపు పడుతుంది. దిమ్మెరపాటుకు అదే కారణమని ఒకప్పుడు అనుకొన్నారు. కణాలలో కాల్షియం క్రమం తప్పడం, ప్రాణవాయువు ఒక్కసారిగా తిరిగివచ్చేటప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ చేసే చెరుపు ముఖ్యకారణాలని నేటి పరిశోధకులు అంటున్నారు.

నాకింకా ఒక చిక్కు మిగిలింది. నెత్తురు పారకంలో కొరత ఒక్కచోటే, అదీ కొద్దిగానే అని రాశారు గదా. తోడడం ఇంతగా ఎందుకు తగ్గాలి? డాక్టరుగారు ఇచ్చిన జవాబు కృష్ణా కాలువ కింద వ్యవసాయం చేసినవారికి చిటికెలో అర్థమవుతుంది. ఈ బొమ్మ ఒక మడిని పక్కమడితో పోల్చి చూపుతుంది గాని, కాలువలో ఎన్ని అడుగుల నీరున్నదో చెప్పదు. ఒక మడి ఎండి పక్కది పచ్చగా వుంటే తేడా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. మూడు కాలువలలోనూ సమానంగా నీరు తగ్గితే మళ్లన్నీ ఒకే రంగులో వుంటాయి. చూసేవాడికి ఊరంతా సుభిక్షంగా వున్నట్లే తోస్తుంది. గుండెకు నెత్తురు తెచ్చే మూడు ముఖ్యమైన ధమనులూ ఒకేలా పూడినప్పుడు పారకం బొమ్మ ఇలా మోసం చేయవచ్చు. అప్పుడు గుట్టు బయటపెట్టేది పంట. అంటే శ్రమ తరువాతి తోడకం.

ఆ అంకెకు అంత విలువ వున్నదని 1999లో సీడార్స్ సైనాయ్‌వారు ప్రచురించిన పరిశీలన కూడా చూపింది. శ్రమ తరువాతి లెక్క 45కు దిగువన వున్నవారిలోనూ, ముడుచుకొన్నాక గదిలో 70 మిల్లీలీటర్లకు మించి మిగిలినవారిలోనూ గుండెజబ్బుతో మరణాలు ఎక్కువ. మా బావగారివి 46, 60. "గీతకు ఇవతలే వున్నారు. అవతలికి పోకముందే ఆంజియోగ్రాం చేయిద్దాం" అన్నారు.

బావగారు ససేమిరా అన్నారు. "విశ్రాంతిలో 57 వున్నది గదా. నేను విశ్రాంతిగానే వుంటాను. మెట్లు మానేస్తాను. అదే నా లెక్క" అన్నారు. ఇంటికి వచ్చేశాం. అక్కయ్య ఆ రాత్రి వంటింట్లో కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చింది. "అరిసెలు తగ్గించమన్నావు, తగ్గించానురా" అన్నది నాతో. నాకు తల ఎత్తి ఆమె ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు.

ఉపన్యాసాలు చెప్పడం నా వృత్తి. ఆ రాత్రి ఒక్కటీ పనికిరాలేదు. చివరకు వీధి అరుగుమీద ఆయన పక్కన కూర్చుని ఒక్కటే అడిగాను. "బావగారూ, మీ సంఘం ఆడిటుకు వచ్చినవాడికి అమ్మకాలు లేని ఆషాఢంలో నిలువ చూపిస్తే, సంఘం బలం తెలుస్తుందా?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తనలో తాను అనుకొన్నట్లుగా అన్నారు: "ఖాళీ రోజుల్లో ఏ సంఘం ఖాతా అయినా బాగానే వుంటుందయ్యా. దసరాకూ సంక్రాంతికీ నూలు అరువు తెచ్చి, నేతగాళ్లకు కూలి ఇచ్చి, సరుకు పంపి, ఆ దెబ్బ తిన్నాక ఎన్నాళ్లకు తేరుకొన్నదీ... అదీ సంఘం బలం." కాసేపాగి, "రేపు ఫోను చెయ్యి" అన్నారు.

ఆంజియోగ్రాంలో మూడు ధమనులూ పూడివున్నట్లు తేలింది. మార్గశిరంలో బైపాసు ఆపరేషను అయింది.

పాఠకులలో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే నేను తెలిసికొన్న నాలుగు మాటలు చెబుతాను. రిపోర్టులో పారకం ఒక్కటే చూసి ఊరుకోకండి. విశ్రాంతి వేళదీ శ్రమ తరువాతదీ తోడకపు అంకెలు రెండూ వున్నాయా, వాటి తేడాకు అర్థమేమిటి అని డాక్టరును అడగండి. అంకే సర్వస్వమని కూడా అనుకోకండి. నాడి లయ తప్పినవారిలో ఎనిమిది అక్షరాల తాళం కుదరక లెక్క చెడవచ్చు. గుండె గది చిన్నదిగా వుండే చాలామంది ఆడవారిలో కంప్యూటరు వున్నదానికంటె ఎక్కువ చూపుతుంది. నడవలేనివారికి మందు ఇచ్చి పరీక్ష చేస్తారు. కాఫీ, టీ ఆ మందుకు విరుగుడు గనుక ముందురోజునుంచే మానమంటారు. రోజూ వేసుకొనే మాత్రలలో ఏవి ఆపాలో డాక్టరే చెప్పాలి, మనం కాదు. గర్భవతులు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి. అన్నిటికంటె ముఖ్యం: గుండెలో నొప్పి వస్తూవుంటే ఏ పరీక్షకోసమూ ఎదురుచూడకుండా తిన్నగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక నా వృత్తి మనిషిగా ఒక్క మాట. మనం మనుషులనూ పడుకొన్న ఇ.సి.జి. చూసినట్లే చూస్తాం. బాగున్నావా అంటే బాగున్నానంటారు. ఇ.సి.జి. కూడా బాగుందనే చెబుతుంది. కష్టం గడిచిపోయింది గదా, ఇంకేముందిలే అనుకొంటాం. కష్టం దిగిపోయిన ముప్పావుగంటకు లోపల ఎంత మిగిలివుందో ఎవరమూ అడగం. మా అక్కయ్యను నేను అడగలేదు.

మొన్న ఫాల్గుణంలో, తిరనాళ్లకు ముందు, బావగారిని పానకాలస్వామి దగ్గరకు తీసుకువెళ్లాం. స్వామి కలెక్టరు కాకపోయినా ఈసారి కారులోనే. వచ్చే కార్తికానికి మెట్ల సంగతి చూద్దామని డాక్టరుగారు అన్నారు. అర్చకులు బిందెడు పానకం పోసి, మిగిలింది తిరిగి ఇచ్చారు. బావగారు బిందెలోకి వంగి చూసి, తల పంకించి, "సరిగ్గా సగం. లెక్క కుదిరింది" అన్నారు.

అక్కయ్య నవ్వింది. మూడు నెలల తరువాత అదే మొదటిసారి.